చర్యయు స్వేదనమును ఒక్క స్తంభముననే

గోదావరిఖనిలో బొగ్గు అనినంతనే మనకు స్ఫురించునది మంటయే. గనినుండి వెలువడిన బొగ్గు బెల్టులమీదుగా బొగ్గు నిర్వహణ విభాగమైన సీహెచ్‌పీని చేరి, వ్యాగన్లలో రామగుండము ఎన్టీపీసీ బాయిలర్లకు ప్రయాణించి, నీటిని ఆవిరిగను, ఆవిరిబలమును విద్యుత్తుగను మార్చి, తుదకు బూడిదయై చెరువులో పేరుకొనుట ఈ సీమవారికి దశాబ్దములుగా పరిచితమైన యాత్ర. అయినను ఇదే నేలమీద బొగ్గునకు మరియొక జీవితము కూడ కొంతకాలము లభించినది. 1980 నవంబరులో వాణిజ్య ఉత్పత్తి నారంభించిన భారత ఎరువుల సంస్థ కర్మాగారమున, జనులు నేటికిని ఎఫ్‌సీఐ అని పిలుచు ఆ ప్రాంగణమున, సింగరేణి బొగ్గును మెత్తని పొడిగా నూరి, కాపర్స్-టోట్జెక్ కొలుములలో ఆక్సిజనుతోను నీటియావిరితోను సంయోగపరచి, కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజను అను రెండు వాయువుల మిశ్రమముగ మార్చి, దానినుండి అమోనియాను, అమోనియానుండి యూరియాను చేసెడివారు. రోజునకు 900 టన్నుల అమోనియాకును 1,500 టన్నుల యూరియాకును ఉద్దేశించిన ఆ కర్మాగారము, బొగ్గులోని బూడిద చేతను, విద్యుత్ అంతరాయముల చేతను, యంత్రముల వైఫల్యముచేతను నిండు సామర్థ్యమును అందుకొనజాలక, 1999లో మూతపడినది.

ఆ చరిత్రను ఎరువుల చరిత్రగా మాత్రమే చెప్పుకొనుట మనకు అలవాటైనది. రసాయనశాస్త్ర దృష్టితో చూచినచో అందులో అంతకంటె విపులమైన అవకాశము దాగియున్నది. కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజనుల మిశ్రమము చేతికందిన పిమ్మట అమోనియా యొక్కటే మార్గము కాదు. తగిన ఉత్ప్రేరకము మీదుగా ప్రవహింపజేసినచో ఆ వాయువులే మిథనాలుగ మారును. మిథనాలునుండి ఎసిటిక్ ఆమ్లము, రంగులకును జిగురులకును ద్రావణిగా పనికివచ్చు మిథైల్ ఎసిటేటు, వంటగ్యాసువలెనే పొయ్యిలో మండగల డైమిథైల్ ఈథరు వరుసగా పుట్టగలవు. రామగుండమున బొగ్గు వాయువైనది; ఆ వాయువు యూరియాతోనే ఆగిపోయినది. ఆగకుండ సాగినచో ఏమి సాధ్యమో చూపిన పట్టణమొకటి భూగోళమునకు ఆవలి వైపున కలదు.

అమెరికాలోని టెనెసీ రాష్ట్రమున కింగ్స్‌పోర్ట్ అను పారిశ్రామిక పట్టణమున, కొడాక్ సంస్థాపకుడైన జార్జి ఈస్ట్‌మన్, తన ఫిల్ముల తయారీకి వలయు మిథనాలు మొదలగు రసాయనముల నిమిత్తము, 1920లో ఒక కర్మాగారమును నెలకొల్పెను. మన తొలితరముల చలనచిత్రములను మోసిన కొడాక్ రీళ్లు తెలుగువారికి అపరిచితములు కావు కనుక, ఆ ఊరితో మనకు దూరపు చుట్టరికమొకటి ఉన్నదనియే చెప్పవచ్చును. 1983లో ఆ సంస్థవారు సమీపమందలి అపలేచియన్ కొండల బొగ్గును వాయువుగ మార్చి, దానినుండి మిథనాలును, మిథనాలును ఎసిటిక్ ఆమ్లముతో కలిపి మిథైల్ ఎసిటేటును, దానినుండి ఫిల్మునకు మూలద్రవ్యమైన ఎసిటిక్ ఆన్‌హైడ్రైడును చేయ మొదలిడిరి. ఈ పరంపరలో మిథైల్ ఎసిటేటును తయారుచేయుటకు వారు నిలిపిన ఒకే ఒక్క ఉన్నతస్తంభము రసాయన ఇంజనీరింగు చరిత్రలో శాశ్వతస్థానమును సంపాదించినది. పాతపద్ధతిలో ఒక రియాక్టరును, దాని వెంట పలు స్వేదనస్తంభములును కలిసి పదునొకండు ప్రధాన పరికరములు చేయవలసిన కార్యమును ఆ స్తంభమొక్కటియే నెరవేర్చుచుండ, పెట్టుబడియు ఇంధనవ్యయమును సుమారు అయిదవ వంతునకు దిగినవి. ఎనుబది మీటర్ల ఎత్తున నిలిచిన ఆ గొట్టములో జరుగుచున్న దేమి?

మిథనాలును ఎసిటిక్ ఆమ్లమును కలిపినచో మిథైల్ ఎసిటేటును, నీరును ఏర్పడును. అయితే ఏర్పడిన ఈ రెండును మరల ఒకదానితో నొకటి కలిసి మొదటి పదార్థములుగ మారిపోవుటకు సదా సిద్ధముగ నుండును. బాయి మీద షిఫ్టు మారువేళ లోనికి దిగువారెందరో పైకెక్కివచ్చువారును అందరే యైనచో, జనసంచార మెంత ముమ్మరముగ నున్నను గనిలోని సంఖ్య మారదు; రసాయనచర్య కూడ అట్టి సమతాస్థితిని చేరి, ఎంతకాలము వేచియున్నను అంతకు మించి ముందుకు సాగదు. ఎక్కివచ్చినవారు వచ్చినట్లే ఇండ్లకు వెడలిపోయి, మరల దిగువారే లేకున్నచో గని కొంతసేపటికి ఖాళీ యగును. అనగా ఉత్పన్నమైన పదార్థమును పుట్టినది పుట్టినట్లు అచ్చటినుండి తొలగించుచున్నచో, వెనుకకు నడచుటకు అవకాశము లేక, చర్య దాదాపు సంపూర్ణమగును. ఉత్ప్రేరకము చర్యను వేగవంతము మాత్రమే చేయును, సమతాస్థితిని జరుపజాలదు. దానిని జరుపగలిగినది ఈ తొలగింపే.

తొలగించు ఉపాయమునకే స్వేదనమని పేరు. గోదావరికి ఆవల ఆదిలాబాదు అరణ్యములలో ఇప్పపువ్వు నుండి సారా తీయువారికి ఇది క్రొత్త విద్య కాదు: తక్కువ వేడికి మరుగునది ముందుగ ఆవిరియై పైకి పోవును, ఎక్కువ వేడికి మరుగునది అడుగున నిలుచును. పరిశ్రమలో ఇదే పని ఎత్తైన స్తంభమున జరుగును. అడుగునుండి ఆవిరి ఎక్కుచుండ, పైనుండి ద్రవము దిగుచుండ, రెండును అడుగడుగున తారసిల్లి, తేలికయైనది పైకిని బరువైనది క్రిందికిని క్రమముగ విడిపోవును. మిథైల్ ఎసిటేటు సుమారు 57 డిగ్రీల వద్దను, మిథనాలు 65 వద్దను, నీరు 100 వద్దను, ఎసిటిక్ ఆమ్లము 118 వద్దను మరుగును. ఈ అంకెలను చూచినవారికి వేర్పాటు సులభమని తోచును గాని, అందొక చిక్కున్నది. మిథైల్ ఎసిటేటు మిథనాలుతోడను, నీటితోడను, ఒక నిర్ణీత పాళ్లలో కలిసి, ఆ కలయిక ఏకద్రవ్యమువలె ఒకే ఉష్ణోగ్రతవద్ద మరుగును. రసాయనజ్ఞులు అజియోట్రోప్ అని పిలుచు ఈ జంటలను సామాన్య స్వేదనము విడదీయలేదు. పాతపద్ధతిలో అన్ని పరికరములు అవసరమగుటకు ఈ జంటలే ప్రధానకారణము.

కింగ్స్‌పోర్ట్ ఇంజనీర్లు ఎసిటిక్ ఆమ్లమును స్తంభపు పైభాగమునను, మిథనాలును క్రిందిభాగమునను ప్రవేశపెట్టిరి. క్రిందికి దిగు ఆమ్లమును, పైకి ఎక్కు మిథనాలును నడిమిభాగమున ఎదురుపడి చర్య నొందును; పుట్టిన మిథైల్ ఎసిటేటు తేలికయైనది కనుక పైకి సాగును; ఆ ప్రయాణములో వెంటనంటివచ్చు నీటిని, మిథనాలును ఎదురుగ దిగివచ్చు ఆమ్లమే పట్టి క్రిందికి లాగుకొనిపోవును. ఒక చర్యలో పాల్గొనవలసిన పదార్థమే ఆ చర్యాఫలమును శుద్ధిచేయు పదార్థము కూడ నగుట ఈ స్తంభములోని అత్యంత సుందరమైన అంశమని నా యభిప్రాయము. పైగా చర్యయందు జనించు ఉష్ణము వృథాపోక అచ్చటనే ద్రవమును ఆవిరిగ మార్చుటకు వినియోగపడును. ఇట్టి ఊహ మరీ నూతనమైనది కాదు. మిథైల్ ఎసిటేటువంటి ఎస్టరులను ఈ విధముగ చేయుటకు బ్యాక్‌హౌస్ అను అమెరికను రసాయనజ్ఞుడు 1921 నాటికే పేటెంటు పొందియుండెను. ఊహకును, ఎనుబది మీటర్ల ఉక్కునకును నడుమ ఆరు దశాబ్దములు గడచినవి.

ఈ స్తంభమున ఉత్ప్రేరకముగ వాడినది గంధకామ్లము. చౌకయైనదే, చురుకైనదే, కాని లోహమును తినివేయునది; అది ప్రవహించు చోటనెల్ల విలువైన మిశ్రలోహములు కావలయును, తుదకు దానిని ద్రవమునుండి వేరుచేయవలయును. కావున ఉత్ప్రేరకము ద్రవమై ప్రవహింపక, ఘనమై స్తంభములోనే స్థిరముగ నిలిచియుండిన బాగుండునని యోచన బయలుదేరినది. ఎసిటేటులను పుట్టించువంటి చర్యలకు గంధకామ్లపు పనిని చేయగల ఘనపదార్థము అప్పటికే కలదు: మిల్లీమీటరునకు అటునిటుగ వ్యాసము గల, ఆవగింజలను తలపించు అయాన్ వినిమయ రెజిన్ గుండ్లు. అయితే ఆ గుండ్లను స్తంభములో కుప్పగా పోసినచో వాటి నడుమ ఆవిరికి దారి చాలదు. పైనుండి దిగు ద్రవమును ఆవిరియే ఎత్తిపట్టి, స్తంభము ఉక్కిరిబిక్కిరియై వరదపాలగును.

దీనికి మొదటి పరిష్కారము సంచులు. 1980ల ప్రారంభమున టెక్సాసులో, పెట్రోలు గుణమును పెంచు ఎంటీబీఈ అను ద్రవ్యమునకై, రెజిన్ గుండ్లను గాజునార గుడ్డ జేబులలో కుట్టి, ఆ గుడ్డను తుప్పుపట్టని తీగవలతో కలిపి చుట్టి, మూటలుగ కట్టి స్తంభమున పేర్చిరి. ఆవిరికి వలనడుమ దారి దొరికినది, ద్రవమునకు జేబులలో ఉత్ప్రేరకము దొరికినది. తరువాతి దశాబ్దమున స్విట్జర్లాండు సుల్జర్ సంస్థ మొదలగువారు ముడుతలుగల తీగవల రేకుల నడుమ గుండ్లను ఇమిడ్చి మరింత క్రమబద్ధమైన కూర్పులను రూపొందించిరి. ఎంటీబీఈ భూగర్భజలములను కలుషితము చేయుచున్నదని తేలి అమెరికాలో దాని వాడుక తగ్గిపోయినను, ఆ స్తంభముల విద్య మాత్రము ఇతర చర్యలకు వ్యాపించినది.

సంచులకు మారుగ పూతయే ఈ వ్యాసమునకు ముఖ్యవిషయము. అది ఎట్లు పనిచేయునో గ్రహించుటకు ముందు ప్యాకింగు అనుదానిని దగ్గరనుండి చూడవలయును. వెనుకటి కాలమున స్తంభములను గులకరాళ్లతోను గాజుముక్కలతోను నింపెడివారు. 1914లో రాశిగ్ అను జర్మను రసాయనజ్ఞుడు ఎత్తును వ్యాసమును సమానముగ గల బోలు ఉంగరములకు పేటెంటు పొందెను. నేటి మేలిరకపు ప్యాకింగు అట్లు కుమ్మరించునది కాదు, పేర్చునది. చేతిలోనికి తీసికొనినచో అది మిల్లీమీటరులో అయిదవ వంతు మందమైనను లేని ఉక్కురేకు. రేకంతట ఏటవాలుగ సాగు ముడుతలు. ఒక రేకు ముడుతలు కుడికి వాలినచో ప్రక్కరేకు ముడుతలు ఎడమకు వాలి, రెండును తాకునెడల నెల్ల ఆవిరికి అడ్డదారులు ఏర్పడును. ఇట్టి రేకుల దిమ్మె జానెడెత్తున నుండును. దానిపై దిమ్మెను తొంబది డిగ్రీలు త్రిప్పి పెట్టుదురు. సామాన్యముగ వాడు రకములో ఒక ఘనపు మీటరు ప్యాకింగునందు 250 చదరపు మీటర్ల ఉపరితలము ఇమిడియుండును, అయినను లోపలి చోటులో అధికభాగము ఖాళీయే. దిగు ద్రవము ఆ ఉపరితలమంతట పలుచని పొరగా పరచుకొనును.

ద్రవమెట్లును ఈ రేకును తడుపుచునే దిగుచున్నది గదా, రేకునకే ఉత్ప్రేరకమును పూసినచో సంచి యెందుకు? పూతవిద్యకు ఈ ప్రశ్నయే బీజము. ఆచరణ మాత్రము శ్రమతో కూడినది. నునుపైన ఉక్కుపై పింగాణి జాతి పదార్థము నిలువదు. కావున అల్యూమినియము కలిసిన ఒక విధమగు ఉక్కును వాడి, గాలిలో 900 డిగ్రీలవరకు కాల్చుదురు. లోహములోని అల్యూమినియము పైకి వచ్చి ఆక్సైడై, సూక్ష్మదర్శినిలో ముండ్లపొదవలె కనబడు గరుకుపొరగ నిలుచును. మోటారువాహనముల పొగను శుద్ధిచేయు లోహపు పరికరములలో కూడ ఇదే కిటుకు. ఆ పొరకు ఉత్ప్రేరకపు పొడి కలిపిన చిక్కని ద్రావణమును పట్టించి, మిగిలినదానిని గాలితో ఊదివేసి, ఆరబెట్టి, మరల కాల్చుదురు. మరియొక మార్గమున, రేకును జియోలైటు అను స్ఫటికరూప ఉత్ప్రేరకమును పుట్టించు ద్రావణములో ముంచి, పీడనపాత్రలో వేడిచేసి, స్ఫటికములు లోహముమీదనే మొలచునట్లు చేయుదురు. నెదర్లాండ్సులోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ రెండవ మార్గమున చెప్పుకోదగిన కృషి చేసిరి. జర్మనీలోని క్లౌస్థాల్ పరిశోధకులు గాజు ఉంగరముల సూక్ష్మరంధ్రములలో రెజిన్‌నే పెంచి, ఉంగరమే ఉత్ప్రేరకమగునట్లు చేసిరి.

పూతవలన ప్రధానలాభము దూరము తగ్గుట. చర్య జరుగవలెనన్న అణువు ఉత్ప్రేరకపు లోనికి చొచ్చుకొని పోవలయును. అందుకు పట్టు కాలము దూరపు వర్గమునుబట్టి పెరుగును. మిల్లీమీటరు గుండు నడిబొడ్డును చేరుటకు 500 మైక్రాన్లు చొరవలయును. పూత మందము 50 మైక్రాన్లే యైనచో దూరము పదవ వంతు, కాలము సుమారు నూరవ వంతు. గుండులో లోపలిభాగము తరచు పనిలేక పడియుండును; పలుచని పూతలో ప్రతి రేణువును పనిచేయును. ద్రవము సంచిలోనికి దూరవలసిన పనిలేదు, ఆవిరి దారి తరుగదు, మామూలు ప్యాకింగునకు తెలిసిన లెక్కలే దీనికిని చెల్లును.

లాభమును చెప్పినపుడు కొరతను కూడ లెక్కకట్టి చూపుట ధర్మము. 250 చదరపు మీటర్లకు 50 మైక్రాన్ల మందమున పూత పూసినచో మొత్తము పన్నెండున్నర లీటర్లగును. ఘనపు మీటరనగా వేయి లీటర్లు. అనగా స్తంభములో ఉత్ప్రేరకపు భాగము ఒకటింబావు శాతము మాత్రమే. సంచుల పద్ధతిలో స్తంభపు అయిదవ వంతో నాలుగవ వంతో ఉత్ప్రేరకమునకే దక్కును. కావున చర్య వేగవంతమైనదైనచో పూత చాలును, పూతయే మేలు. మందకొడి చర్యకు సంచి తప్పదు. పూతను మందముగ వేసి లోపమును పూరింతమన్నచో, వేడికి లోహము వ్యాకోచించినంత పింగాణి వ్యాకోచింపదు గనుక, పూత బీటలువారి రాలును. రాలిన పూతను కాని, శక్తి నశించిన పూతను కాని మార్చవలెనన్న కర్మాగారమునే ఆపి స్తంభమును విప్పవలయును. మామూలు రియాక్టరులో వలె ఉత్ప్రేరకమును వంపివేసి క్రొత్తది పోయుటకు వీలులేదు. తుప్పుపట్టిన గొట్టముల నుండి వచ్చు ఇనుపలవణములు రెజిన్‌ను చంపును. బొగ్గువాయువులోని గంధకము లోహోత్ప్రేరకములను చంపును. రామగుండము పాత కర్మాగారమున బొగ్గువాయువును అతిశీతలమైన మిథనాలుతో కడుగు రెక్టిసాల్ విభాగమును నిలుపుటకు కారణమిట్టిదే. ఈ చిక్కుల మూలముననే సంచులు పరిశ్రమలో స్థిరపడగా పూతలు ఇంకను అధికముగ ప్రయోగశాలలలోనే యున్నవి.

ఇంత చెప్పిన పిమ్మట మన ప్రాంతమునకు మరలుట ఉచితము. చర్యయు వేర్పాటును ఏకకాలమున జరుగు పరికరములు రామగుండమునకు సర్వథా క్రొత్తవి కావు. పాత ప్రాంగణముననే సహజవాయువు ఆధారముగ పునర్జన్మమెత్తి, 2021 మార్చిలో ఉత్పత్తి నారంభించిన ఆర్‌ఎఫ్‌సీఎల్ కర్మాగారము రోజునకు 2,200 టన్నుల అమోనియాను, 3,850 టన్నుల యూరియాను చేయగలది. దాని యూరియా విభాగము సైపెం సంస్థ పద్ధతిది. ఆ పద్ధతిలో స్ట్రిప్పరు అను పరికరమున, సుమారు 150 వాతావరణముల పీడనమున, యూరియాగ మారక మిగిలిన కార్బమేటు నిలువుగొట్టముల లోపలిగోడలపై పలుచనిపొరగా దిగుచు, ఆవిరివేడికి విచ్ఛిన్నమై అమోనియాగను కార్బన్ డయాక్సైడుగను విడిపోవును. విడిపోయినవి విడిపోయినట్లే వాయురూపమున పైకి వెడలిపోవును గనుక ఆ విచ్ఛేదము వెనుకకు మరలదు. ఉత్ప్రేరకము లేదు, స్వేదనమును కాదు, అయినను సూత్రము అదియే. దినదినము ఆ కర్మాగారమును నడుపు మన యువకులకు ఈ విద్యలో సగము ఇదివరకే అలవడియున్నదన్నచో అతిశయోక్తి కాదు.

బొగ్గురసాయనము కూడ తెలుగునేలకు పరాయిది కాదు. హైదరాబాదులో 1944లో పుట్టి, తరువాత రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీగను, 1989నుండి ఐఐసీటీగను పేరు మారిన పరిశోధనాలయము తొలినాళ్లనుండియు మన బొగ్గును పొగలేని ఇంధనముగను, తారుగను, వాయువుగను మార్చు ప్రయోగములకు ప్రసిద్ధిచెందినది. అధికమైన బూడిదగల భారతీయపు బొగ్గునుండి మిథనాలు చేయు, రోజునకు పావు టన్ను సామర్థ్యముగల ప్రయోగ కర్మాగారమును బీహెచ్‌ఈఎల్ సంస్థ హైదరాబాదులోనే నిర్మించినది. గోదావరికి అవతలి ఒడ్డున, మంచిర్యాల జిల్లా జైపూరులోని సింగరేణి విద్యుత్కేంద్రమున, పొగగొట్టపు కార్బన్ డయాక్సైడును మిథనాలుగ మార్చు చిన్న ప్రయోగమునకు సింగరేణి సంస్థ పూనుకొనినది. బొగ్గును వాయువుగ మార్చు పథకములకై కేంద్రప్రభుత్వము 2024 జనవరిలో 8,500 కోట్ల రూపాయల ప్రోత్సాహమును ఆమోదించినది.

ఈ ప్రయత్నములన్నియు మిథనాలు వద్ద ఆగుచున్నవని నా చింత. మిథనాలును పీపాలకెత్తి దూరదేశములకు అమ్ముటకంటె, అచ్చటనే దానిని ఎసిటేటుగనో, ఈథరుగనో మార్చుటలో విలువయు, ఉద్యోగములును అధికముగ నున్నవి. ఆ మార్పునకు పదునొకండు పరికరముల పెట్టుబడి మనకు భారమైనచో ఒక్క స్తంభము భారము కాకపోవచ్చును. ఉపరితల గనులు పెరిగి, భూగర్భగనులు ఒకటొకటిగ మూతపడుచున్న ఈ సీమలో, గనికార్మికుల బిడ్డలు ఇంజనీరింగు చదువులు చదివి హైదరాబాదునకును విదేశములకును పోవుచున్న ఈ కాలమున, ఇది ఉపేక్షింపదగిన విషయము కాదు. కావున సింగరేణి సంస్థకును, ఐఐసీటీకిని, ఈ ప్రాంతపు ఇంజనీరింగు కళాశాలలకును నాదొక్క విన్నపము: జైపూరులోని మిథనాలు ప్రయోగమునకు చెంతనే, సంచియు పూతయు రెండును మార్చి మార్చి పరీక్షించుటకు వీలుగ, ఒక చిన్న ఉత్ప్రేరక స్వేదనస్తంభమును నిలుపుడు, దానిని నడుపు పనిని గోదావరిఖని, మంచిర్యాల విద్యార్థులకు అప్పగింపుడు.